దేశదేశాల భూ రిజిస్టర్లను ఆన్‌లైన్‌లో అనుసంధానించడం ఎలా?

స్పెయిన్‌లో తండ్రి కొన్న ఇల్లు జర్మనీలో స్థిరపడిన కూతురికి వారసత్వంగా వచ్చిందనుకుందాం. ఆ ఇంటి మీద బ్యాంకు తనఖా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆమె స్పెయిన్ దాకా ప్రయాణించాలా, లేక జర్మనీలోని తన నోటరీ కార్యాలయంలోనే కూర్చుని చూసుకోవచ్చా? యూరోపియన్ యూనియన్ భూ రిజిస్టర్ల అనుసంధానాన్ని చేపట్టింది ఇలాంటి సందర్భాల కోసమే. 2015 ఆగస్టు 17 నుంచి అమలవుతున్న వారసత్వ నిబంధన ప్రకారం, ఒక సభ్యదేశం జారీచేసిన యూరోపియన్ వారసత్వ ధ్రువపత్రాన్ని చాలా సభ్యదేశాల్లో రిజిస్టరు మార్పుకు ఆధారంగా చూపవచ్చు. పత్రం సరిహద్దు దాటగలిగినప్పుడు, రిజిస్టరులో ఏముందో కూడా సరిహద్దు ఇవతలి నుంచి కనిపించాలి కదా.

ఈ పనికి పూనుకునేవారు అన్నింటికన్నా ముందు ఏది కలపకూడదో తేల్చుకోవాలి. ఐరోపా మొత్తానికి ఒకే రిజిస్టరు అన్న ఆలోచనను మొదటే పక్కన పెట్టాలి. ఆస్తి హక్కుల వ్యవస్థ ఏ దేశానిది ఆ దేశానిదేనని యూనియన్ పనితీరు ఒప్పందంలోని 345వ అధికరణం చెబుతోంది. అందుచేత సమాచారం ఎక్కడిదక్కడే ఉండాలి, ఉమ్మడి పోర్టల్ ప్రశ్నను మోసుకెళ్లి జవాబును తెచ్చి ఇవ్వాలి. ప్రతులు తీసి ఒకచోట పోగుచేస్తే అవి రోజు గడవకముందే పాతబడతాయి. కొనుగోలుదారుకు కావలసింది ఈ ఉదయం నమోదైన తనఖా సంగతి కూడా.

రెండో అడుగులో ప్రతి దేశపు రిజిస్టరు దేనికి సాక్ష్యమో రాసుకోవాలి. జర్మనీ భూ రిజిస్టరైన గ్రుండ్‌బుఖ్‌లో ఉన్న నమోదును నమ్మి కొన్నవారికి చట్టం రక్షణ ఇస్తుంది. ఫ్రాన్స్‌లో యాజమాన్యం ఒప్పందంతోనే మారుతుంది, దస్తావేజును ప్రచురించేది ఇతరుల ముందు ఆ హక్కు చెల్లడానికి; అదే ఫ్రాన్స్‌లో అల్సాస్, మొజెల్ ప్రాంతాలకు మాత్రం జర్మన్ పాలన నాటి భూ పుస్తకం వేరుగా కొనసాగుతోంది. మనవాళ్లకు ఈ తేడా కొత్త కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నమోదు చేసేది దస్తావేజునే గాని హక్కును కాదు, కాబట్టే ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ తీసినా, పాత యజమానుల నాటి లింకు డాక్యుమెంట్లు చూడకుండా ఎవరూ కొనరు. రెండు దేశాల తెరల మీదా 'యజమాని' అనే మాటే కనిపించినా దాని బరువు ఒకటి కాదని చూసేవారికి అక్కడికక్కడే తెలియజేయాలి.

అసలు కష్టం మూడో అడుగులో, అంటే మాటల దగ్గర ఉంది. కంప్యూటర్లను కలపడం దీనితో పోలిస్తే చిన్న పని అని నా అభిప్రాయం. జర్మన్ చట్టంలో స్థిరాస్తి పూచీకత్తుకు హిపోటేక్, గ్రుండ్‌షుల్డ్ అని రెండు ప్రధాన రూపాలున్నాయి. మొదటిది అప్పును అంటిపెట్టుకుని ఉంటుంది, అప్పు లేనిదే అది లేదు. రెండోది అప్పు మీద ఆధారపడదు. రుణం మొత్తం తీరిపోయినా, రద్దు చేయమని కోరి నమోదును తొలగించే దాకా అది పుస్తకంలో అలాగే ఉంటుంది. రెండింటినీ 'తనఖా' అని అనువదించి ఊరుకుంటే, ఎప్పుడో తీరిపోయిన బాకీ ఇంకా ఉందని పొరుగు దేశపు కొనుగోలుదారు భయపడి బేరం వదులుకోవచ్చు. కాబట్టి పదానికి పదం పెట్టే నిఘంటువు చాలదు. ఆ హక్కు ఎలా పుడుతుంది, ఎలా ముగుస్తుంది, ఎవరి మీద చెల్లుతుంది అన్న వివరణ ప్రతి పదం పక్కన ఉండాలి. రిజిస్ట్రార్ల సంఘమైన ఎల్రా 'ఇమోలా' ప్రాజెక్టులో ఈ దారినే పట్టి, ఆస్తి, యాజమాన్యం, భారాలు వంటి శీర్షికల కింద ఏ దేశపు సమాచారాన్నైనా అమర్చగలిగే ఉమ్మడి నమూనా పత్రాన్ని తయారుచేసింది.

తర్వాత వెతికే తాళంచెవిని నిర్ణయించాలి. స్పెయిన్‌లో రిజిస్టరు వేరు, కొలతల రికార్డు వేరు. మొదటిదానికి 14 అంకెల ఆస్తి కోడు, రెండోదానికి 20 అక్షరాంకెల సంఖ్య ఉంటాయి. నెదర్లాండ్స్‌లో ఈ రెండు పనులూ కడాస్టర్ అనే ఒకే సంస్థ చూస్తుంది. జర్మనీలో ఏ కార్యాలయం, ఏ పుస్తక ప్రాంతం, ఎన్నో పత్రం అన్నది తెలియాలి. కాబట్టి ఒకే వెతుకు పెట్టె అందరికీ సరిపోదు, దేశాన్ని ఎంచుకోగానే దానికి తగిన గడులు తెరుచుకోవాలి.

ఎవరు చూడవచ్చన్నది ఇంకో చిక్కు. నెదర్లాండ్స్‌లో రుసుము కడితే ఎవరైనా చూడవచ్చు. జర్మనీలో న్యాయమైన ప్రయోజనం ఉందని చూపాలి. ఇక్కడ పాటించవలసింది అడిగేవారి దేశపు నియమాన్ని కాదు, భూమి ఉన్న దేశపు నియమాన్ని. అందుకే పోర్టల్ అడిగేవారి గుర్తింపుతో పాటు, వారు నోటరీనా, న్యాయవాదా, సాధారణ పౌరుడా అన్న హోదాను కూడా నమ్మదగిన రీతిలో అవతలి రిజిస్టరుకు అందించాలి. రుసుము చెల్లింపు కూడా ఈ దశలోనే పూర్తికావాలి.

చేరికను అందరితో ఒకేసారి తలపెట్టకుండా, సిద్ధంగా ఉన్న ఒకటి రెండు దేశాలతో మొదలుపెట్టాలి. ఇప్పుడు యూరోపియన్ ఈ-జస్టిస్ పోర్టల్ ద్వారా సాగుతున్న అనుసంధానంలో సభ్యదేశాలు చేరడం స్వచ్ఛందమే. దీనికన్నా ముందు యూలిస్ అనే సేవ కొన్ని దేశాల రిజిస్టర్లకు ఉమ్మడి ద్వారంగా పనిచేసింది. అది కూడా పదకోశానికీ, ఆయా దేశాల చట్ట వివరణలకూ చోటిచ్చిందని గుర్తుంచుకోవాలి.

చివరగా, బయటికి వచ్చే ప్రతి నకలు మీద అది తీసిన తేదీ, గంట, నిమిషం ముద్రించి ఉండాలి. నమోదు కోసం దాఖలై ఇంకా తేలని దరఖాస్తులు ఉంటే, వాటిని చూపడానికి ఆ దేశం అనుమతించిన మేరకు ఆ విషయాన్నీ తెలపాలి. అనువాదం కింద, చట్టరీత్యా చెల్లేది మూల భాషలోని పాఠమేనన్న వాక్యాన్ని చిన్న అక్షరాల్లో దాచకుండా, తనఖా వివరాలున్న చోటనే ముద్రించాలి.