అచ్చు చెడితే ముందు ఏం చూడాలి?

కొత్తగా ప్రింట్‌మేకింగ్ (బొమ్మను బ్లాకు, ప్లేటు లేదా స్క్రీన్ మీద తయారుచేసి కాగితం మీద అచ్చు తీయడం) నేర్చుకునేవాళ్లు అచ్చు చెడగానే చేసే పని ఒకటే: ఇంకాస్త ఇంకు పూస్తారు. హన్మకొండలో నేర్చుకునే రోజుల్లో నాదీ అదే వైద్యం. సగం సార్లు జబ్బు ఇంకా పెరిగేది. ఎందుకంటే ఒక్కో పద్ధతిలో ఇంకు నిలిచే చోటు వేరు. లినోకట్ (లినోలియం షీటు), వుడ్‌కట్ (చెక్క) బ్లాకుల్లో చెక్కాక మిగిలిన ఎత్తు భాగం అచ్చవుతుంది. ఎచింగ్‌లో లోహపు ప్లేటు మీది గీతను రసాయనం కొరుకుతుంది, డ్రైపాయింట్‌లో సూదితో నేరుగా గీస్తారు; రెండింటిలోనూ గీతలో దిగిన ఇంకు అచ్చవుతుంది. స్క్రీన్‌లో ఫ్రేముకు బిగించిన జాలీ గుండా ఇంకు కిందికి దిగుతుంది. ఏ పద్ధతైనా, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి.

సమస్య: లినోలో నల్లగా రావాల్సిన చోట తెల్ల చుక్కలు

ఎక్కువమంది ఏడ్చేది ఇక్కడే. వరసగా రెండు అచ్చులు తీసి పక్కపక్కన పెట్టండి. చుక్కలు రెండింటిలోనూ ఒకే చోట ఉంటే తప్పు బ్లాకుది: దుమ్ము, వేలి జిడ్డు, లేదా చిన్న గుంట. చోటు మారుతుంటే బ్లాకును వదిలేయండి. కాగితం లేపాక బ్లాకు మీద ఇంకు ఇంకా తళతళలాడుతోందా? అయితే ఒత్తిడి చాలలేదు. ప్రెస్సు లేనివాళ్లు స్టీలు గరిటె వెనక వైపుతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, అంచుల దాకా రుద్దాలి. కాగితం పలచగా ఉండాలి; మందపాటి చేతి కాగితం గరిటెకు లొంగదు. బ్లాకు వెలవెలబోయి ఉంటే మాత్రం ఇంకే తక్కువైంది. అప్పుడు కూడా ఒకేసారి దట్టంగా వద్దు, పలచటి పొరలు అడ్డంగా, నిలువుగా వేయండి. రోలర్ చప్పుడు వినండి. సన్నటి జల్లు పడుతున్నట్టు వినిపిస్తే సరే. పచ్‌పచ్‌మంటే ఎక్కువైంది.

మే నెలలో ఇంకో కారణం ఉంది, ఫ్యాను. నీటి ఇంకు కాగితం పరిచేలోపే బ్లాకు మీద ఆరిపోతుంది. వరంగల్ ఎండలో ఫ్యాను ఆపమంటే ఎవరు వింటారు? పొద్దున్నే పని ముగించండి, లేదా ఇంకులో రెండు చుక్కల గ్లిజరిన్ కలపండి.

సమస్య: సన్న గీతలు పూడుకుపోతున్నాయి

ఇంకు ఎక్కువైంది. కొత్తగా పూయకుండా పాత న్యూస్‌పేపర్ మీద రెండు మూడు అచ్చులు తీస్తే బ్లాకు తేలికపడుతుంది. ఎండకు నూనె ఇంకు కారుతుంటే కొంచెం మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపితే చిక్కబడుతుంది. వుడ్‌కట్ అయితే చెక్కను కూడా అనుమానించండి. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క చాలా మెత్తన; వెంట్రుకంత గీత ఒత్తిడికి నలిగిపోతుంది.

సమస్య: ఎచింగ్ గీత పాలిపోయింది

ప్లేటు కడిగి గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరు తట్టుకోకపోతే గీత లోతుగా కొరకలేదు. జింకు ప్లేటుకు నేను వాడేది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), ఉప్పు సమపాళ్లలో కలిపిన నీళ్లు. పొలాల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమే ఇది. కొరికేటప్పుడు గీతల్లో ఎర్రటి రాగి బురద పేరుకుంటుంది. మెత్తటి కుంచెతో తుడుస్తూ ఉండకపోతే కొరకడం నెమ్మదిస్తుంది. గ్లవ్స్ తప్పనిసరి, వాడిన నీళ్లు మురికికాలువలో పోయకండి. నైట్రిక్ యాసిడ్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, హాస్టల్ గదిలో దాని జోలికి అసలు వెళ్లొద్దు.

గోరు తట్టుకున్నా అచ్చు పాలిపోతే కాగితాన్ని చూడండి. మెత్తగా నానిన కాగితమే గీతలోకి దిగి ఇంకును పైకి తెస్తుంది. నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తాక పైన నీటి మెరుపు ఉండకూడదు, చెంపకు మాత్రం చల్లగా తగలాలి. అదీ బాగుంటే ప్లేటు తుడిచేటప్పుడు గుడ్డను గీతల్లోకి తోశారన్నమాట. గుడ్డను చదునుగా పట్టుకుని పైపైన తుడవాలి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగ్ ఒక్కటైనా దగ్గరగా చూసే వీలుంటే వదులుకోకండి. గీత ఎంత సన్నగా ఉన్నా నల్లగా ఎలా నిలబడుతుందో తెలుస్తుంది.

డ్రైపాయింట్ అచ్చు అచ్చుకూ పాలిపోవడం మాత్రం సహజం. సూది లేపిన లోహపు అంచు ప్రెస్సు కింద నలిగిపోతుంది. రాగి ప్లేటు కొంచెం ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

సమస్య: రాత తిరగబడింది

బ్లాకు, ప్లేటు మీద గీసింది అచ్చులో అద్దంలోలా తిరగబడుతుంది. కాకతీయ తోరణం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి బతికిపోయారు. దాని కింద 'వరంగల్' అని రాస్తే దొరికిపోతారు! ట్రేసింగ్ కాగితం మీద గీసి, తిప్పి దించుకోండి.

సమస్య: స్క్రీన్ మూసుకుపోయింది, బొమ్మ తెరుచుకోలేదు

అచ్చు మధ్యలో మూసుకుపోతే ఇంకు జాలీలో ఆరింది. ప్రతి అచ్చు తర్వాత స్క్రీన్ పైకెత్తి, పలచగా ఇంకు పొర లాగి ఉంచండి. చాయ్‌కి వెళ్లేముందు కడిగేయండి. స్క్రీన్ మీద బొమ్మ దించాక కడిగేటప్పుడే ఎమల్షన్ (వెలుతురుకు గట్టిపడే పూత) మొత్తం జారిపోతే వెలుతురు చాలలేదు, లేదా పూత సరిగ్గా ఆరలేదు. వానాకాలంలో ఎక్కువగా రెండోదే. బొమ్మ అసలు తెరుచుకోకపోతే వెలుతురు ఎక్కువైంది, లేదా ఫిల్మ్ (బొమ్మను నల్లగా వేసి స్క్రీన్ మీద పెట్టే పారదర్శక షీటు) మీద నలుపు పలచగా ఉంది. చిన్న ముక్క మీద నాలుగైదు వేర్వేరు సమయాలు పరీక్షించి, ఏది సరిపోయిందో స్క్రీన్ ఫ్రేమ్ మీదే రాసిపెట్టుకోండి.