వానలు పడేలోపే సెప్టిక్ ట్యాంక్ పని చూసుకోండి: పర్లాకిమిడి, గుణుపురం వైపు ఊళ్లవాళ్లకు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల పల్లెల్లో సొంతిల్లు ఉన్నవాళ్లకి, ఈ ఎండల్లో కొత్తగా కడుతున్నవాళ్లకి ఇది రాస్తున్నాను. మృగశిర కార్తె వచ్చి నేల తడిసిందంటే ట్యాంక్ ఖాళీ చేసే బండి వీధిలోకి రాదు, తవ్విన గుంటలో నీళ్లు ఊరతాయి. పని పెట్టుకుంటే రోహిణి కార్తెలోనే పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒక్కటే. ట్యాంక్‌లోకి మనిషిని దించకండి. పాతదే కాదు, కొత్తదైనా సరే. ఎవరూ అనుమానించని కొత్త ట్యాంకుల్లోనూ చావులు జరుగుతున్నాయి. స్లాబ్ వేస్తారు, స్లాబ్ నిలవడానికి కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు లోపల అలాగే వదిలేస్తారు, ఈలోగా ఓ వాన పడి అడుగున నీళ్లు నిలుస్తాయి, మూత వేసి ఉంటుంది, తడి చెక్క కుళ్లుతూ లోపలున్న ఆక్సిజన్‌ని తినేస్తుంది. కొన్ని రోజుల తర్వాత చెక్కలు తీయడానికి దిగిన కూలీ దిగినట్టే పడిపోతాడు, ఏమైందో అని మేస్త్రీ దిగుతాడు, అతని కోసం ఇంటి యజమాని కొడుకు దిగుతాడు. వాసన లేదు కదా, ఇంకా వాడనే లేదు కదా అనే ధైర్యమే ప్రాణం తీస్తోంది. ముందే పోసి ఆరబెట్టిన సిమెంట్ పలకలు పైన పరిపించండి, అప్పుడు లోపల సెంట్రింగ్ అవసరమే ఉండదు. కాస్త ఖర్చు ఎక్కువైనా నేను ఇదే చేయమంటాను.

వాడిన ట్యాంక్‌లో మీథేన్ ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఈ రెండోది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది గానీ, మోతాదు పెరిగితే ముక్కుకి వాసనే తెలియదు. దీపం దించి చూసే పాత పద్ధతి అసలు వద్దు, మీథేన్ అంటుకుంటుంది. ఎవరైనా పడిపోతే ఇంకొకరు దిగకుండా గట్టిగా ఆపి, 112కి గానీ ఫైర్ వాళ్లకి 101కి గానీ ఫోన్ చేయండి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనుషుల చేత మలం ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషి చేత సెప్టిక్ ట్యాంక్ శుభ్రం చేయిస్తే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వాళ్లంతట వాళ్లే వచ్చి దిగారండీ అంటే కుదరదు, పని చేయించుకున్నది మీరే. ట్యాంక్ ఖాళీ చేసే సెస్‌పూల్ బండి కోసం 14420కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని మునిసిపాలిటీలో అడగండి. ఒడిశా పట్టణాల్లో ఈ మలినాన్ని శుద్ధి చేసే ప్లాంట్లు కట్టారు, బండి అక్కడికే వెళ్లాలి. ప్రైవేటు బండి పిలిస్తే ఎక్కడ పారబోస్తారో ముందే అడగండి. మహేంద్రతనయ నదిలోనో ఎవరి పొలం గట్టునో వదిలేస్తే అది మళ్లీ మన నూతిలోకే వస్తుంది.

ఇక కాగితాలు. కొత్త ఇల్లయితే ప్లాన్‌లో ట్యాంక్, ఇంకుడు గుంత ఎక్కడ వస్తాయో గీయించి, తవ్వకం మొదలుపెట్టకముందే పంచాయతీ ఆఫీసులో పీఈఓకి (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కి) చూపించండి. ఊరు పట్టణ ప్లానింగ్ పరిధిలో ఉందా లేదా అన్నది కూడా అక్కడే అడగండి, ఉంటే అనుమతి ఇచ్చేది వేరే ఆఫీసు. ఫారాలు ఒడియాలో ఉంటాయి, మన పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా చదవడం రాదు, బడిలో ఒడియా చదివే పిల్లల చేత పూర్తిగా చదివించుకుని అప్పుడు సంతకం పెట్టండి. స్వచ్ఛ భారత్ కింద అర్హులైన కుటుంబానికి మరుగుదొడ్డికి 12,000 రూపాయలు వస్తాయి.

దూరం విషయంలో మేస్త్రీ మాట వినకండి, టేపు పట్టి కొలవండి. ట్యాంక్ నుంచి వచ్చే నీరు ఇంకే గుంత తాగునీటి నూతికి గానీ బోరింగ్‌కి గానీ కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు అరవై అడుగుల దూరంలో ఉండాలని సెప్టిక్ ట్యాంకులకి మన దేశంలో ఉన్న ఐఎస్ 2470 ప్రమాణం చెబుతుంది. మీ నుయ్యి మాత్రమే కాదు, పక్కింటివాళ్లదీ లెక్కే. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్లలో వానాకాలం నూతిలో నీళ్లు చేతికందేంత పైకి వస్తాయి, అలాంటి చోట లోతు గుంత తవ్వితే మురుగు నేరుగా ఊటలో కలుస్తుంది. అక్కడ లోతు తగ్గించి వెడల్పు పెంచమనండి.

రెండు మూడేళ్లకోసారి ట్యాంక్ ఖాళీ చేయించాలి. అయితే నేల నానిపోయి ఉన్నప్పుడు పూర్తిగా ఖాళీ చేయించొద్దు, కింద నుంచి నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంక్ పైకి లేచి బీటలు వారుతుంది. డాబా మీద వాన నీటి గొట్టం ట్యాంక్‌లోకి కలిపి ఉంటే ఇప్పుడే విడదీయించండి. గాలి గొట్టం మీద దోమల జాలీ కట్టించండి. మూత పగిలి ఉంటే వెంటనే మార్పించండి, పిల్లలు తిరిగే చోటు.

మనకి అసలు గండం జూన్ వానల కంటే అక్టోబరు తుఫాన్లతో ఉంటుంది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ట్యాంక్ మునిగితే వరద నీరు తగ్గేదాకా ఆ మరుగుదొడ్డి వాడకండి, నీళ్లు మరిగించే తాగండి. వరద తగ్గాక ముందు నూతిలో మురికి నీళ్లు తోడించి, ఆ తర్వాత వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంటసేపు ఎవరినీ తోడనివ్వకండి.