హర్లింగ్ లీగ్ మొదలవకముందే టీమ్‌ని, రేటుని ఎలా చూడాలంటే

పర్లాకిమిడి నుంచి ఐర్లాండ్ హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఆట) ఫాలో అయ్యేవాళ్లూ, ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, పెద్ద టీమ్‌లు లీగ్‌లో కొత్త కుర్రాళ్లని ట్రై చేస్తాయి, వాళ్ల గురి అంతా వేసవిలో జరిగే ఆల్ ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్ మీదే. 2022లో లీగ్ వాటర్‌ఫర్డ్ కొట్టింది, తర్వాత ఆల్ ఐర్లాండ్‌కి దారైన మన్‌స్టర్ (దక్షిణ ప్రాంతం) గ్రూపే దాటలేదు, ఆల్ ఐర్లాండ్ లిమరిక్‌కి పోయింది. అందుకే పేరు కాదు, ఎవరు రిటైరయ్యారు, ఎవరికి దెబ్బ తగిలింది, కోచ్ మారాడా, హోమ్ మ్యాచ్‌లెన్ని, ఇవి చూడండి.

తర్వాత రేటు, అంటే బెట్టింగ్‌లో గెలిస్తే పెట్టిన రూపాయికి తిరిగొచ్చేది. 4.00 ఉందంటే ఛాన్స్ 25 శాతం అని అర్థం (1ని 4తో భాగించడమే), అందులో బుకీ మార్జిన్ (బెట్లు తీసుకునేవాడి లాభం) కూడా కలిసుంటుంది. రేటు చూడకముందే మీ అంచనా కాగితం మీద రాసుకోండి, 30 శాతం వస్తే వాల్యూ ఉన్నట్టు (రేటు మీకు అనుకూలం), 20 అయితే ఎంత ఇష్టమైన టీమ్ అయినా వదిలేయండి. మన దేశంలో 2025 చట్టంతో ఆన్‌లైన్ మనీ గేమ్స్ బంద్, కాబట్టి ఈ లెక్కలు కాగితం మీదే ఉంచండి, డబ్బు పెట్టొద్దు.