నాటకం నుంచి వచ్చిన అంగారక మూకీ: ‘ఎ మెసేజ్ ఫ్రమ్ మార్స్’ను చూసే పద్ధతి

ఈ చిత్రాన్ని ఎప్పుడూ సంవత్సరంతో కలిపి వెతకాలి. రిచర్డ్ గాంథొనీ రాసిన ఈ నాటకం 1899లో లండన్ రంగస్థలం ఎక్కింది. ఆ తరువాత అదే పేరుతో న్యూజీలాండ్‌లో 1903లో ఒక చిన్న చిత్రం, బ్రిటన్‌లో 1913లో పూర్తి నిడివి చిత్రం, అమెరికాలో 1921లో మరొకటి వచ్చాయి. మనకు కావలసింది వాలెట్ వాలర్ దర్శకత్వం వహించిన 1913 నాటిది, అంటే ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైన ఏడాదిది. కథానాయకుడు చార్లెస్ హాట్రీ పేరుతో వెతికితే, ఆయన పేరునే తన రంగస్థల నామంగా పెట్టుకున్న తరువాతి తరం హాస్యనటుడు అడ్డు వస్తాడు, జాగ్రత్త.

బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2014లో బాగుచేసి, మాథ్యూ హెర్బర్ట్ కొత్త సంగీతంతో అందించిన ప్రతినే ఎంచుకోవడం మంచిది. వేరే ప్రతి చేతికి చిక్కితే ముందు నటుల నడక గమనించండి. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు కనుక వేగానికి కచ్చితమైన లెక్క లేదు. సెకనుకు సుమారు 16 లేక 18 ఫ్రేముల చొప్పున తీసినదాన్ని టాకీల 24 ఫ్రేముల వేగంతో నడిపితే పెద్దమనుషులు కూడా కోడిపిల్లల్లా పరుగెడతారు. అలా కనిపిస్తే ప్లేయర్‌లో వేగాన్ని 0.75కు తగ్గించండి.

అంతరిక్ష నౌకల కోసం ఎదురుచూడవద్దు. అంగారకుడిపై తప్పు చేసిన ఒకడిని శిక్షగా భూమికి పంపుతారు. హొరేస్ పార్కర్ అనే పరమ స్వార్థపరుడిని మార్చితే తప్ప అతనికి తిరుగు ప్రయాణం లేదు. శాపవశాన భూలోకానికి దిగిన గంధర్వుల కథలు విన్నవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు, నిజానికి ఇందులో విజ్ఞానం కంటే నీతికథ పాలే ఎక్కువ.

ఇక చూడవలసింది చట్రాన్ని, అంటే తెరపై ఒకేసారి కనిపించే దృశ్యమంతటినీ. సురభి వారి పందిరిలో ముందు వరుసలో కూర్చున్నట్టు చూడాలి. కెమెరా మన కోసం ముఖాల దగ్గరికి వెళ్లదు కనుక, ఎవరిని గమనించాలో మనమే నిర్ణయించుకోవాలి. ఒక దృశ్యాన్ని రెండుసార్లు చూడండి, మొదటిసారి హాట్రీని, రెండోసారి అతని పక్కనున్నవారిని. 1899 నుంచీ రంగస్థలంపై ఆడిన పాత్ర కావడం వల్ల ఆయనకు విసుగు, బద్ధకం, బింకం శరీరంలోనే ఇమిడిపోయాయి. అప్పటికి యాభై దాటిన ఆయన పెళ్లికాని ప్రియుడిగా కనిపించడం వింతగా తోస్తే, మన పద్యనాటకాల్లో పొట్ట వచ్చిన కృష్ణుళ్లను ఎన్ని రాత్రులు ఆమోదించామో గుర్తు చేసుకోవచ్చు.

నాటకం మాటల మీద నడిచేది, మూకీకి మాట లేదు. ఈ లోటును ఎక్కడ ఎలా పూడ్చారో పట్టుకోవడమే ఈ చిత్రం చూడటంలోని అసలు పని. హొరేస్ స్వార్థం గురించి నాటకం సంభాషణలతో చెప్పగలిగేదాన్ని ఇక్కడ ఒక అక్షరాల అట్ట (బొమ్మల మధ్య తెరపై చూపే రాత), ఒక భుజం విరుపు కలిసి చెప్పాలి. కాగితం పక్కన పెట్టుకుని, అట్ట వల్ల తెలిసిందేదో, అట్ట రాకముందే నటన వల్ల తెలిసిపోయిందేదో రెండు వరుసల్లో రాసుకుంటూ పోతే, సగం దూరం వెళ్లేసరికి రెండో వరుస ఎంత పెరిగిందో కనిపిస్తుంది. రంగులనూ వదలవద్దు. ఆ రోజుల్లో ఫిల్మును రంగుద్రావణంలో ముంచి రాత్రికి నీలం, దీపపు వెలుగుకు పసుపు, మంటలకు ఎరుపు అద్దడం వాడుక.

పిల్లలతో చూసేటప్పుడు ఇంగ్లీషు అట్టలను ఒకరు తెలుగులో పైకి చదవాలి. మన దేశంలో మూకీలు ఆడిన రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాతలు చేసిన పని ఇదే. అట్ట తెరపై ఉన్నంతసేపే చదివి, బొమ్మ రాగానే నోరు మూసుకోవాలి.