సెల్ఫ్ కొడితే టకటకమంటుంది, కారు మాత్రం లేవదు

పొద్దున్నే ఆఫీసు టైముకి తాళం తిప్పితే డాష్‌బోర్డు లైట్లన్నీ వెలుగుతాయి, టక్ మని చప్పుడూ వస్తుంది, ఇంజిన్ మాత్రం కదలదు. టెన్షన్‌లో అందరం చేసే పని ఒకటే, మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టడం. ఆపండి. బ్యాటరీలో మిగిలిన కాస్త చార్జింగ్ కూడా దానికే పోతుంది.

ముందు ఆ చప్పుడు ఎలా వస్తోందో వినండి. కుట్టు మిషన్ లాగా టకటకటకమని వేగంగా వస్తోందా, లేక టక్ మని ఒక్కసారి గట్టిగా వచ్చి ఊరుకుంటోందా? సగం జబ్బు ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంజిన్‌ని తిప్పి లేపే సెల్ఫ్ మోటార్ మీద సొలినాయిడ్ అని చిన్న డబ్బాలాంటిది ఉంటుంది, మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్ అదే. అది లాగడానికి కొద్దిపాటి కరెంటు చాలు, కానీ మోటార్ ఇంజిన్‌ని తిప్పాలంటే 100 ఆంపియర్ల పైనే కావాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సొలినాయిడ్ లాగుతుంది, మోటార్ కరెంటు అడగ్గానే వోల్టేజ్ కుప్పకూలుతుంది, సొలినాయిడ్ వదిలేస్తుంది, అది వదలగానే వోల్టేజ్ మళ్ళీ లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. మీకు వినిపించే టకటక అదే. అంటే బ్యాటరీ డౌన్ అయినా అయుండాలి, కరెంటు వెళ్ళే దారిలో ఎక్కడో కనెక్షన్ సరిగ్గా లేకపోయినా ఉండాలి.

ఆ రెండోది చాలామంది చూడరు. నేనూ చూడలేదు. మొన్నటి వానాకాలంలో నా కారు ఇలాగే మొండికేస్తే, షాపతను మీటర్ కూడా పెట్టకుండా "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు, నేనూ కొత్తది వేయించుకుని వచ్చేశాను, మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే టకటక. చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ నెగెటివ్ కేబుల్‌ని చేత్తో తడుముకుంటూ వెళ్ళి, అది బాడీకి బిగించే చోట తుప్పు పట్టిన బోల్టు చూపించాడు. విప్పి, గీకి, బిగించేసరికి పది నిమిషాలు పట్టింది. పాత బ్యాటరీ అప్పటికే ఎక్స్‌చేంజ్‌లో పోయింది.

కాబట్టి బానెట్ ఎత్తి బ్యాటరీకి కేబుళ్ళు బిగించే రెండు టెర్మినల్సూ చేత్తో తిప్పి చూడండి. కొంచెం కదిలినా లూజే. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే తీసి శుభ్రం చేయాలి. చాలా కార్లకి 10 నంబర్ పానా సరిపోతుంది. ముందు నెగెటివ్ విప్పండి, తర్వాతే పాజిటివ్. ఎందుకంటే నెగెటివ్ ఉండగా పాజిటివ్ విప్పుతున్నప్పుడు పానా పొరపాటున బాడీకి తగిలితే నిప్పురవ్వలు ఎగురుతాయి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే పొడి నురగకట్టి కరిగిపోతుంది, ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి మాత్రం పోనివ్వకండి. ఆరాక క్లాంపు లోపలివైపు కూడా మెరిసేదాకా ఎమ్రీ పేపర్‌తో రుద్ది, ముందు పాజిటివ్, చివర్న నెగెటివ్ బిగించి, పైన కాస్త వాసెలిన్ పూయండి.

వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువుంటే దాదాపు ఖాళీ. ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 9.6 కంటే కిందికి పడిపోతే మాత్రం బ్యాటరీ పని అయిపోయినట్టే.

బ్యాటరీ డౌన్ అయితే పక్క బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవచ్చు. దానికి జంపర్ కేబుల్ వేసేటప్పుడు ఎర్రది ముందు మీ పాజిటివ్‌కి, తర్వాత పక్క బండి పాజిటివ్‌కి. నల్లది పక్క బండి నెగెటివ్‌కి పెట్టి, రెండో కొస మీ ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి పట్టించండి, మీ బ్యాటరీ నెగెటివ్‌కి కాదు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు, సిగరెట్టు గురించి చెప్పక్కర్లేదు. పక్క బండిని కొన్ని నిమిషాలు నడవనిచ్చి సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు వేసిన వరుసకి రివర్స్‌లో తీయాలి.

మాన్యువల్ గేరు బండైతే ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ తొక్కి ఉంచి తోయించి, బండి కదిలాక క్లచ్ వదిలి స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌కి ఈ వేషాలు కుదరవు.

ఇక ఒక్క టక్ మాత్రమే వస్తుంటే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు చచ్చిపోతే మళ్ళీ బ్యాటరీ, కనెక్షన్ల కథే. లైట్లు అలాగే వెలుగుతూ ఉంటే సెల్ఫ్ మోటార్‌ని అనుమానించాలి. సొలినాయిడ్ కాంటాక్టులు కాలిపోవడం, కార్బన్ బ్రష్షులు అరిగిపోవడం మామూలే. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు వీల్ పానాతో మోటార్ బాడీ మీద మెల్లగా రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి లేస్తుంది. బెల్టుకీ ఫ్యానుకీ చేతులు దూరంగా పెట్టుకోండి. అలా లేస్తే రిపేరు అయినట్టు కాదు, షెడ్డుదాకా వెళ్ళడానికి దారి దొరికిందంతే.

బండి స్టార్టయ్యాక మీటర్ మళ్ళీ పెట్టి చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, నడుస్తున్న ఇంజిన్‌తో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. పాతకాలం మెకానిక్‌లలాగా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి చూడకండి, ఇప్పటి కార్లలో ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, కాలిపోవచ్చు. 13 కూడా దాటకపోతే బ్యాటరీ చార్జ్ అవట్లేదని అర్థం, ఇంజిన్ ఆపకుండా నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోండి, దారిలో టీకి ఆగి ఇంజిన్ ఆపారో, మళ్ళీ జంపర్ కేబుల్ ఉన్నవాడి కోసం వెతుక్కోవాలి.