పసిబిడ్డ సంరక్షణ, మూడవ పాఠం: తొలి పన్నును వేలితో గుర్తించడం

గత పాఠంలో చంకలో థర్మామీటరు పెట్టి బిడ్డ ఒంటి వేడిని చూడడం, దానిని తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోవడం నేర్చుకున్నాం. ఆ పుస్తకం ఈ పాఠానికీ కావాలి. ఈసారి నేర్చుకోవలసినది వేలి పని: బిడ్డ చిగురును తడిమి పన్ను వస్తున్నదో లేదో, వస్తే ఎక్కడ వస్తున్నదో స్వయంగా తెలుసుకోవడం. చూడడానికి చిన్న పనే. కానీ మా వరంగల్లు వైపు ఇళ్ళలో ఆరు నెలలు దాటిన బిడ్డకు జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, రాత్రంతా నిద్రపోకపోయినా "పండ్లొస్తున్నయ్ తీయి" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట అనే ముందు చిగురు మీద వేలు పెట్టి చూసినవారు అరుదు.

ముందుగా కాలం సంగతి. పాలపండ్ల మొలకలు తల్లి కడుపులో ఆరవ వారం ప్రాంతంలోనే మొదలవుతాయి కాబట్టి, ఆరవ నెలలో కనిపించే పన్ను అప్పటికి ఏడాదికి పైగా లోపల తయారవుతున్న పన్ను. ఎక్కువమందికి 6 నుంచి 10 నెలల మధ్య కింది చిగురు నడిమి పండ్లు రెండు వస్తాయి. ఆ తరువాత 8 నుంచి 12 నెలల మధ్య పై నడిమివి, వాటి వెంట పక్కవి వస్తాయి. ఏడాది దాటాక మొదటి దవడపండ్లు, ఆపైన కోరపండ్లు, చివరకు రెండవ దవడపండ్లు వచ్చి, మూడేళ్ళకు అటూ ఇటూగా 20 పూర్తవుతాయి. నాలుగవ నెలలోనే పన్ను వచ్చే బిడ్డా ఉంటుంది, మొదటి పుట్టినరోజుకు బోసినోటితోనే నవ్వే బిడ్డా ఉంటుంది. బిడ్డ వయసు నెలలలోంచి 6 తీసివేస్తే ఇంచుమించు ఎన్ని పండ్లు ఉండవచ్చో తెలుస్తుందని ఒక లెక్క ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకు అది ఉజ్జాయింపుగా పనికివస్తుంది, ఒకటి రెండు తక్కువైతే కంగారు పడవలసినది లేదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకైతే వయసును కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించాలి. ఏడాదిన్నర నిండినా ఒక్క పన్నూ రాకపోతే వైద్యునికి చూపించడం అవసరం, ఎందుకంటే థైరాయిడ్ లోపం, ఎముకలు మెత్తబడే రికెట్స్ వంటివి కొన్నిసార్లు ఇలాగే బయటపడతాయి.

ఇక వేలి పని. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుని, సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోండి. ఇద్దరు ఉంటే మేలు: మోకాళ్ళు మోకాళ్ళకు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, బిడ్డ తల మీ ఒడిలో, కాళ్ళు అవతలివారి ఒడిలో ఉండేలా పడుకోబెట్టండి. ముఖం గుమ్మం వెలుతురు వైపు ఉంటే చాలు, సెల్‌ఫోన్ లైటును కళ్ళలో వేయవద్దు. పాలు తాగిన వెంటనే వేలు పెడితే కక్కుతుంది కాబట్టి అరగంట ఆగండి. చూపుడు వేలిని పెదవి మూల నుంచి పోనిచ్చి, కింది చిగురు అంచు మీద ఒక చివర నుంచి ఇంకొక చివర దాకా మెల్లగా జరపండి. అదిమి చూడవద్దు, జారనివ్వండి.

పన్ను రాని చిగురు నున్నగా, సన్నని గట్టులా తగులుతుంది. పన్ను దగ్గరపడిన చోట ఆ గట్టు వెడల్పై, కొంచెం ఉబ్బి, పైన తెల్లని చార కనిపిస్తుంది. చీల్చుకుని వచ్చిన రోజున మాత్రం సందేహమే ఉండదు; తడి వేలికి బియ్యపు నూక తగిలినట్టు గరుకుగా ఉంటుంది. మా మనుమరాలి సంగతిలో నా వేలి కంటే స్టీలు చెంచా ముందు చెప్పింది: హన్మకొండలో ఒక ఉదయం అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం జావ తాగిస్తుండగా చెంచా టక్కుమంది, మళ్ళీ తాకించాం, మళ్ళీ టక్కుమంది, అప్పటికి వారం రోజులుగా నేను ఎడమవైపు తడుముతున్నాను, పన్ను కుడివైపున వచ్చింది. అందుకే అంచు మొత్తం తడమమంటున్నాను.

రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. పుట్టిన కొత్తలో చిగురు మీద తెల్లని ముత్యాల్లాంటి పొక్కులు కనిపిస్తే అవి పండ్లు కావు, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. పన్ను వచ్చే చోట నేరేడు రంగు నీటిబుగ్గ లేస్తే దానిని సూదితో గుచ్చవద్దు. పన్ను పైకి రాగానే అది తగ్గిపోతుంది. రెండు మూడు వేల కాన్పులకు ఒక బిడ్డ నిజంగానే పన్నుతో పుడుతుంది. దానిలో అపశకునం ఏమీ లేదు, కానీ అది వదులుగా ఉంటే ఊడి గొంతులో పడకుండా వైద్యుడు చూడాలి.

పన్ను చేసే అల్లరికి హద్దు ఉంది. చిగురు నొప్పి, చిరాకు, దొరికినదల్లా కొరకడం, ఒకటి రెండు రోజులు తిండి తగ్గడం, ఒళ్ళు కాస్త వెచ్చబడడం వరకే దాని పని. సొల్లు మూడు నాలుగు నెలలకే కారడం మొదలవుతుంది, దానిని బట్టి పన్నును లెక్కగట్టలేం. థర్మామీటరు 100.4 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 38 సెల్సియస్ చూపితే అది పన్ను పని కాదు. నీళ్ళ విరేచనాలు కూడా కాదు. మరి పన్నూ, ఈ జబ్బులూ ఒకేసారి ఎందుకు వస్తాయి? కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి ఆరవ నెల నాటికి బాగా తరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే పైఆహారం మొదలవుతుంది, బిడ్డ బోర్లాపడి పాకుతూ నేలమీది చెప్పు దగ్గర నుంచి చాట దాకా అన్నీ నోట్లో పెట్టుకుంటుంది. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా తరువాత వారం పది రోజులకు కొందరికి జ్వరం వస్తుంది. ఆ వారంలోనే పన్ను కనబడితే నింద పన్ను మీదికే పోతుంది.

"పండ్లొచ్చెటప్పుడు మోషన్లు గాకుంటె ఎట్ల బిడ్డా" అని అవ్వ అన్నప్పుడు ఆమెతో వాదించకండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెరవండి. లీటరు ప్యాకెట్టును కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి, సగం సగం కలపకూడదు. తల్లిపాలు ఆపవద్దు. జింకును వైద్యుడు చెప్పిన మోతాదులో 14 రోజులూ ఇవ్వాలి. మూత్రం తగ్గినా, కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మందగించినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చిగురు నొప్పికి శుభ్రమైన తడిగుడ్డను ఫ్రిజ్‌లో చల్లబరిచి కొరకనిస్తే చాలు, గడ్డకట్టించవద్దు. ఏడాది లోపు బిడ్డ చిగుళ్ళకు తేనె రాయకూడదు, అందులోని సూక్ష్మజీవి బీజాల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మొద్దుబార్చే బెంజొకైన్ జెల్ రెండేళ్ళ లోపు పిల్లలకు పనికిరాదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి రావచ్చు. మెడలో కట్టే వస కొమ్ము దారం మెడకు బిగుసుకునే ప్రమాదం ఉన్నందున, మా ఇంట్లో దానిని ఉయ్యాల పక్క గోడకు తగిలించి పెద్దల మాట కూడా నిలబెట్టాం. పై పండ్లు ముందు వస్తే మేనమామకు గండమంటారు. వరుస తప్పడం మామూలే, అల్లుణ్ణి చూడడానికి వచ్చిన మేనమామను భయపెట్టకండి.

ఈ వారం అభ్యాసం: పుస్తకంలో పై చిగురుకు ఒకటి, కింది చిగురుకు ఒకటి చొప్పున రెండు అర్ధచంద్రాలు గీయండి. రెండు రోజులకొకసారి ఒకే వేళకు తడిమి, ఉబ్బు ఉన్నచోట చుక్క, నూక తగిలినచోట గీత పెట్టి తేదీ వేయండి. పక్కనే ఆనాటి జ్వరం, విరేచనాల సంఖ్య రాయండి. మొదటి గీత పడిన రోజునే మెత్తని చిన్న బ్రష్షు కొనిపెట్టుకోండి, వచ్చే పాఠంలో బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో దానిని వాడడం మొదలుపెడదాం.