ఇంగ్లండ్ బడి భోజనం: ముందు ఇంట్లోనే రుచి చూపించండి

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చి, పిల్లల్ని రిసెప్షన్ క్లాసులో (నాలుగేళ్లు నిండాక చేరే మొదటి తరగతి) వేయబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలందరికీ 2014 నుంచి మధ్యాహ్న భోజనం ఉచితం. లండన్‌లో అయితే 2023 నుంచి ప్రైమరీ పిల్లలందరికీ ఇస్తున్నారు. "మావాడు పప్పన్నం తప్ప ఏదీ ముట్టడు" అని బాక్స్ కట్టి పంపేవాళ్లు మనలో చాలామంది. దయచేసి ఈ భోజనాన్ని వదులుకోకండి. తోటి పిల్లలు తింటుంటే చూసి తానూ ఒక ముక్క నోట్లో పెట్టుకోవడం బడిలోనే జరుగుతుంది.

బడి మెనూ ముందే ఇస్తారు. అందులోంచి ఒక్క వంటకం ఎంచుకోండి. జాకెట్ పొటాటో తేలిక. పెద్ద ఆలుగడ్డను తొక్కతోనే ఓవెన్‌లో గంటకు పైగా కాల్చి, మధ్యకు చీల్చి, కాస్త వెన్న రాసి, పైన బేక్డ్ బీన్స్ వేయడమే. బీన్స్ టమాటా సాస్‌లో కొంచెం తియ్యగా ఉంటాయి. పోపు పెడదామనిపిస్తుంది, పెట్టకండి. బడిలో పోపు ఉండదు కదా! రోజూ తినే అన్నం పక్కనే రెండు చెంచాలు వడ్డించి ఊరుకోండి. ముట్టకపోతే ఏమీ అనకుండా తీసేసి, కొన్నాళ్లాగి మళ్లీ పెట్టండి. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకు పది పదిహేనుసార్లయినా పడుతుంది. "ఒక్క ముద్ద, ఒక్కటే ముద్ద" అని వెంటపడితే ఉన్న ఇష్టం కూడా పోతుంది.

నా ఉద్దేశంలో రుచికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. మన పిల్లలు నాలుగేళ్లు వచ్చినా అమ్మమ్మ కలిపిపెట్టే ముద్దలే తింటుంటారు. బడిలో ఎవరూ తినిపించరు. ట్రే పట్టుకుని వెళ్లి కూర్చుని, ఫోర్క్‌తో తామే తినాలి. అందుకే వేసవి సెలవుల్లోనే తినిపించడం మానేయండి. కింద పోసుకున్నా, సగం తిన్నా పర్వాలేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది, వాళ్లకూ నచ్చజెప్పాలి.

శాకాహారులు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడి వెజిటేరియన్ వంటల్లో గుడ్డు మామూలే. యార్క్‌షైర్ పుడింగ్‌లో (జారుపిండితో ఓవెన్‌లో కాల్చే రొట్టెలాంటిది) ఉంటుంది, చాలా క్వార్న్ (మాంసానికి బదులు వాడే, ఫంగస్‌తో చేసిన పదార్థం) వంటకాల్లోనూ ఉంటుంది. గుడ్డు తినకపోతే ఆ మాట బడి భోజనం ఫారంలో విడిగా రాయండి. బాక్స్ పంపే రోజుల్లో పల్లీ చట్నీ, చిక్కీ, జీడిపప్పు పెట్టొద్దు. అలర్జీల వల్ల చాలా బడులు వాటిని రానివ్వవు. నువ్వుల పొడి పెట్టొచ్చో లేదో కూడా ముందే అడగండి.

మొదటి వారాల్లో సరిగా తినక ఆకలితో వస్తారు. టెన్షన్ పడకుండా, ప్రశ్నలతో వేధించకుండా, రాగానే పెరుగన్నం పెట్టండి.